ఉంచడం వేరు, చూపించడం వేరు: బూత్ కుటుంబపు ఉత్తరాల మీద ఒక కేస్ స్టడీ

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఒక పెద్దాయన పాత బిస్కెట్ డబ్బా పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. రేకు డబ్బా. మూత బిగుసుకుపోయి ఉంది, చుట్టూ పురికొస కట్టి ఉంది. కుర్చీలో కూర్చోకుండానే అడిగారు: "ఇవి కాల్చెయ్యమంటావా అమ్మా, ఉంచమంటావా? ఆ ఒక్క మాట చెప్పు, వెళ్లిపోతాను."

నేను చేసేది పాత కాగితాల పని. కుటుంబాల దగ్గర ఉన్న ఉత్తరాలు, డైరీలు, ఫోటోలు చూసి, జాబితా రాసి, పురుగు పట్టకుండా, మడతల దగ్గర చిరిగిపోకుండా భద్రపరుస్తాను. తాతగారి స్వాతంత్ర్యోద్యమ ఉత్తరాలనో, నాయనమ్మ పెళ్లి శుభలేఖనో తెచ్చేవాళ్లకు ఏం చెప్పాలో నాకు ఆలోచించే పని ఉండదు. ఇంట్లో ఒకరు చేసిన నేరం తాలూకు కాగితాలు తెచ్చేవాళ్లు మాత్రం వేరు. వాళ్లు డబ్బా బల్ల మీద పెట్టరు, ఒళ్లోనే పెట్టుకుంటారు.

డబ్బాలో నలభై ఒక్క ఇన్‌లాండ్ లెటర్లు ఉన్నాయి. ప్రతిదాని మీదా జైలు ముద్ర. ఆయన అన్నగారు రాసినవి. ఏ నేరమో, ఏ ఊరో ఇక్కడ రాయను. అప్పట్లో పేపర్లో రోజూ వచ్చిన కేసు అని మాత్రం చెబుతాను. "అమ్మకు చదువు రాదు. ఉత్తరం వస్తే నేనే చదివి వినిపించేవాణ్ణి. పోయేదాకా తన పెళ్లి చీర కింద దాచుకుంది" అన్నారు. ఆవిడ పోయాక డబ్బా ఈయన చేతికి వచ్చింది. పిల్లలకు ఇదేమీ తెలియదు. మనవరాలికి సంబంధాలు చూస్తున్నారు.

ఆ రోజు ఆయన అడిగిన ఒక్క మాట నేను చెప్పలేదు. మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టి, అమెరికాలో నూట అరవై ఏళ్ల కిందట ఇదే ప్రశ్న ఎదురైన ఒక కుటుంబం గురించి చెప్పాను. ఈ పనిలోకి వచ్చినప్పటి నుంచి నేను మళ్లీ మళ్లీ తిరగేసే కేసు అది. ఒకే ఇంట్లో ఒకరు కాల్చారు, ఒకరు దాచారు, కొన్ని సర్కారు చేతిలో పడ్డాయి, కొన్ని పరాయి ఇళ్లలో మిగిలిపోయాయి. దేనికి ఏమైందో చివరిదాకా చూడగలిగే కేసులు అరుదు. అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను.

కుటుంబం

1865 ఏప్రిల్ 14 రాత్రి వాషింగ్టన్‌లోని ఫోర్డ్స్ థియేటర్‌లో నాటకం చూస్తున్న అధ్యక్షుడు అబ్రహాం లింకన్‌ను జాన్ విల్క్స్ బూత్ కాల్చాడు. మర్నాడు ఉదయం 7.22కి లింకన్ చనిపోయాడు. పన్నెండు రోజుల వేట తర్వాత, ఏప్రిల్ 26న వర్జీనియాలో గారెట్ అనే రైతు కొట్టంలో సైనికులు బూత్‌ను చుట్టుముట్టారు. అక్కడే తూటా తగిలి పోయాడు. ఆ మే నెలలో అతనికి ఇరవై ఏడేళ్లు నిండేవి.

అతను అనామకుడు కాదు. తండ్రి జూనియస్ బ్రూటస్ బూత్ ఇంగ్లండ్ నుంచి 1821లో వలస వచ్చిన పెద్ద నటుడు. అన్న ఎడ్విన్ అప్పటికే అమెరికా రంగస్థలం మీద హామ్లెట్ అంటే ఆయనే అనిపించుకున్న మనిషి. పెద్దన్న జూనియస్ కూడా నటుడే. అక్క ఏషియా భర్త జాన్ స్లీపర్ క్లార్క్ హాస్యనటుడు. హత్యకు ఐదు నెలల ముందు, 1864 నవంబర్ 25న, న్యూయార్క్‌లో ముగ్గురు అన్నదమ్ములూ కలిసి 'జూలియస్ సీజర్' ఆడారు. సెంట్రల్ పార్క్‌లో షేక్‌స్పియర్ విగ్రహం కోసం వేసిన ఆట అది. ఆ సాయంత్రం తల్లి మేరీ ఆన్ ముగ్గురు కొడుకుల్నీ ఒకే వేదిక మీద చూసింది. ఇంటిపేరే వాళ్ల జీవనాధారం. ఆ పేరే ఏప్రిల్ 15 పొద్దున్నకి దేశమంతా ఉమ్మేసే పేరైంది.

ఇంటి బీరువాలోని కవరు

1864 చివర్లో జాన్ ఫిలడెల్ఫియాలో అక్క ఇంటికి వచ్చినప్పుడు సీలు వేసిన ఒక కవరు ఇచ్చి జాగ్రత్త చేయమన్నాడు. ఆమె ఇనప్పెట్టెలో పెట్టింది. హత్య వార్త విన్నాక తెరిచి చూస్తే అందులో కొన్ని బాండ్లు, తల్లికి ఒక ఉత్తరం, 'ఎవరికి సంబంధిస్తే వారికి' అని మొదలయ్యే ఒక పొడుగాటి ఉత్తరం ఉన్నాయి. ఆ రెండోదాంట్లో అతను తన రాజకీయాలన్నీ రాసుకున్నాడు. అప్పుడు అమెరికాలో బానిసత్వం మీద ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం నడుస్తోంది. బానిసత్వాన్ని సమర్థించాడు, దక్షిణాది పక్షాన అధ్యక్షుణ్ణి బందీగా పట్టుకెళ్లాలన్న ఆలోచననూ చూచాయగా చెప్పాడు.

ఇక్కడ ఒక్కసారి ఆ ఇంట్లో మనం ఉన్నట్టు అనుకోండి. ఏషియా కవల పిల్లల్ని మోస్తోంది. వీధిలో జనం. చేతిలో తమ్ముడి రాత. క్లార్క్ కాల్చలేదు. తీసుకెళ్లి అధికారులకు అప్పగించాడు. రాజకీయాల ఉత్తరం ఏప్రిల్ 19న ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ పత్రికలో అచ్చయింది. తల్లి ఉత్తరాన్ని మాత్రం అచ్చుకు ఇవ్వలేదు. ఇంత చేసినా క్లార్క్‌ను అరెస్టు చేసి వాషింగ్టన్‌లోని ఓల్డ్ క్యాపిటల్ జైల్లో ఒక నెల పాటు ఉంచారు. పెద్దన్న జూనియస్‌ను కూడా అక్కడికే తెచ్చారు. అసలు ఉత్తరాలు ప్రభుత్వ ఫైళ్లలో ఎక్కడో పడిపోయాయి. 1977లో నేషనల్ ఆర్కైవ్స్‌లో మళ్లీ దొరికాయి. నూట పన్నెండేళ్లు ఎవరి కంటా పడకుండా, ఎవరూ చింపకుండా ఉన్నాయి.

అదే రోజుల్లో ఇంకో కాగితానికి ఏమైందో చూడండి. హత్య రోజు మధ్యాహ్నం వాషింగ్టన్ వీధిలో జాన్ మాథ్యూస్ అనే తోటి నటుడు బూత్‌కు కనిపించాడు. ఒక సీలు కవరు ఇచ్చి, మర్నాడు నేషనల్ ఇంటెలిజెన్సర్ పత్రికకు చేర్చమన్నాడు బూత్. ఆ రాత్రి థియేటర్‌లో జరిగింది చూశాక మాథ్యూస్ గదికి పరిగెత్తి, కవరు చింపి, చదివి, భయంతో కాల్చేశాడు. అది తన దగ్గర దొరికితే తన మెడకూ ఉరితాడే అనుకున్నాడు. అతన్ని నేను తప్పు పట్టను. కానీ తర్వాత ఏళ్లలో అందరూ అందులో ఏముందని అడిగితే, జ్ఞాపకం నుంచి తిరిగి రాసి ఇచ్చాడు. ఆ రాసిచ్చినది చాలావరకు అప్పటికే పత్రికల్లో వచ్చిన ఆ మొదటి ఉత్తరంలాగే ఉంది. చదివినదీ, తర్వాత పేపర్లో చూసినదీ అతని తలలో కలిసిపోయాయి. హత్య రోజున హంతకుడు ఏం రాశాడో ఇక ఎవరికీ తెలియదు.

కాల్చేస్తే గొడవ వదులుతుందని మా దగ్గరికి వచ్చేవాళ్లు అనుకుంటారు. మాథ్యూస్‌కు వదల్లేదు. కాల్చిన ఉత్తరం గురించే బతికినన్నాళ్లూ జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది.

సర్కారు తీసుకెళ్లినవి

బూత్ బస చేసిన నేషనల్ హోటల్ గదిలో ట్రంకును సోదా చేశారు. కుట్రలో పాల్గొన్న శామ్యూల్ ఆర్నాల్డ్ 'శామ్' అని సంతకం చేసి రాసిన ఉత్తరం అక్కడే దొరికింది. దాని ఆధారంగానే అతన్ని పట్టుకున్నారు. బూత్ పోయాక ఒంటి మీద దొరికిన చిన్న తోలు డైరీని తీసుకెళ్లి యుద్ధ శాఖ దాచిపెట్టింది. 1865 విచారణలో దాన్ని బయటపెట్టలేదు. 1867లో బయటికి వచ్చేసరికి చాలా పేజీలు లేవు. డైరీ అరలో ఐదుగురు ఆడవాళ్ల ఫోటోలు: నలుగురు నటీమణులు, ఒకామె సెనేటర్ కూతురు లూసీ హేల్. ఆ డైరీ ఇప్పుడు ఫోర్డ్స్ థియేటర్ మ్యూజియంలో అద్దాల వెనక ఉంది.

సాక్ష్యం కోసం తీసుకున్న కాగితాల్లో సాక్ష్యం కానివి కూడా కొట్టుకుపోతాయి. కుటుంబాలు ఎక్కువ బాధపడేది వాటికే. ఏషియా తర్వాత రాసుకుంది: ఇంట్లో తమ్ముడి బొమ్మ ఉన్న ప్రతి ఫోటోనూ తీసుకెళ్లారు, పిల్లల మంచం పైన అతనే తగిలించి వెళ్లిన పటంతో సహా. జూనియస్ సంగతి ఇంకా దారుణం. హత్యకు రెండు రోజుల ముందు తమ్ముడికి రాసిన మామూలు ఉత్తరంలో, ఆ ఆయిల్ బిజినెస్ ఇక వదిలెయ్యమని సలహా ఇచ్చాడు. బూత్ నిజంగానే పెన్సిల్వేనియాలో నూనె బావుల్లో డబ్బు పెట్టి పోగొట్టుకున్నాడు. అధికారులకు మాత్రం 'ఆయిల్ బిజినెస్' అంటే కుట్రకు పెట్టుకున్న రహస్య పేరులా వినిపించింది. ఒక అన్న మంచి మాట చెబితే అది వారెంట్ అయింది. పాత ఉత్తరం చదివేటప్పుడు జరిగిపోయిన నేరం తెలిసిన కళ్లతో చదువుతాం. రాసిన మనిషికి అది తెలియదు. జాబితా రాసే ప్రతిసారీ ఇది నాకు నేను గుర్తుచేసుకుంటాను.

అలా తీసుకెళ్లిన వాటిలోనే ఇంకోటి మిగిలింది. 1865 మార్చి చివర్లో తల్లి మేరీ ఆన్ కొడుక్కి రాసిన ఉత్తరం. అతని నడవడి చూసి ఆమెకు ఏదో అనుమానం తగిలింది. నీ ప్రేమను నేనెప్పుడూ శంకించలేదు, కానీ నన్ను ఈ దుఃఖంలో వదిలేస్తే శంకించక తప్పదు అంటుంది. నేను రోమన్ తల్లిని కాను, దేశం కంటే మరేదాని కంటే నా బిడ్డలే నాకు ముందు అంటుంది. జీవితమంతా రోమన్ నాటకాల మధ్య గడిపిన ఇంటి ఆడమనిషి ఆ మాట రాసింది. రెండున్నర వారాల తర్వాత కొడుకు ఏం చేశాడో మనకు తెలుసు. ఈ ఉత్తరం ఇంట్లో ఉంటే మిగిలేదా అంటే నాకు నమ్మకం లేదు. ఈ కేసులో నన్ను ఎప్పుడూ కలవరపెట్టే సంగతి ఇదే. ప్రేమ ఉన్నవాళ్ల చేతిలో పడ్డవి పోయాయి. ప్రేమ లేని గుమాస్తా చేతిలో పడ్డవి మిగిలాయి.

రెండు ట్రంకులు

శవాన్ని సైన్యం వాషింగ్టన్‌లోని ఆయుధాగారం నేల కింద పాతిపెట్టింది. ఎడ్విన్ ముందు సైన్యాధిపతి జనరల్ గ్రాంట్‌కు, తర్వాత 1869 ఫిబ్రవరిలో అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్‌కు ఉత్తరం రాసి, తల్లి కోసం శవాన్ని ఇప్పించమని వేడుకున్నాడు. జాన్సన్ పదవి దిగే ముందు ఒప్పుకున్నాడు. బాల్టిమోర్‌లోని గ్రీన్ మౌంట్ శ్మశానంలో, పేరు చెక్కని చోట పూడ్చారు. ఇప్పటికీ ఆ చోట పేరు లేదు.

జాన్సన్‌కు రాసిన ఆ ఉత్తరంలో ఎడ్విన్ ఇంకో చిన్న విన్నపం కూడా చేశాడు. నేషనల్ హోటల్‌లో తమ్ముడి ట్రంకు ఒకటి యుద్ధ శాఖ సీలుతో ఉందట, దారి తప్పిన ఆ పిచ్చి కుర్రాడి గుర్తులేమైనా అందులో ఉంటే కుమిలిపోతున్న తల్లికి అవి అపురూపం, మిగతా ఎవరికీ పనికిరానివి అని. శవం గురించి రాసే ఉత్తరంలో కూడా ట్రంకు గురించి అడిగాడంటే ఆ ఇంట్లో ఏ మాటలు జరిగి ఉంటాయో ఊహించుకోవచ్చు. మా దగ్గరికి వచ్చే తల్లులు కూడా కేసు కాగితాలు అడగరు. వాచీ అడుగుతారు, చొక్కా అడుగుతారు.

ఇది 1869. నాలుగేళ్ల తర్వాత, 1873లో, న్యూయార్క్‌లో ఎడ్విన్ సొంతంగా కట్టుకున్న బూత్స్ థియేటర్ అడుగున ఇంకో ట్రంకు కథ జరిగింది. జాన్ నాటకాల దుస్తులున్న ట్రంకు అది. థియేటర్‌లో పనిచేసే గారీ డేవిడ్‌సన్ చాలా కాలం తర్వాత చెప్పిన కథనమే దీనికి ఆధారం. తెల్లవారకముందే ఎడ్విన్ అతన్ని లేపి కొలిమి గదికి తీసుకెళ్లాడు. గొడ్డలితో ట్రంకు తాళ్లు తెంపించాడు. ఒక్కొక్క దుస్తునూ తనే బయటికి తీసి, కాసేపు పట్టుకుని చూసి, గారీ చేతికి ఇచ్చాడు. గారీ కొలిమిలో వేశాడు. 'జూలియస్ సీజర్'లో జాన్ వేసిన మార్క్ ఆంటోనీ వేషం పోయింది. ఒక వస్త్రం దగ్గర మాత్రం ఎడ్విన్ ఆగిపోయాడు. అది ముందు తండ్రిది, తర్వాత తమ్ముడికి వచ్చింది. అది నా తండ్రిదని చెప్పి ఏడ్చాడు. దాన్నైనా ఉంచుకోమన్నట్టు గారీ అన్నాడు. కాసేపు ఆలోచించి, వద్దు, మిగతావాటితోపాటే వెయ్యమన్నాడు. అన్నీ అయ్యాక ఖాళీ ట్రంకును కూడా నరికించి మంటలో వేయించాడు.

ఈ కథనాన్ని నేను చాలాసార్లు చదివాను. ఈ పని చేసేదాన్ని కాబట్టి నా కన్ను ముందు జాబితా మీద పడుతుంది. జాబితా లేదు. ఆ ట్రంకులో ఏమేం ఉన్నాయో ఎవరూ రాయలేదు. ఒక ముసలివాడి జ్ఞాపకం తప్ప దానికి సాక్ష్యం లేదు. తర్వాత కళ్లకు కనిపించేది ఆ తండ్రి వస్త్రం. నేరంతో దానికి ఏ సంబంధమూ లేదు. తండ్రి 1852లోనే పోయాడు. ఒకే ట్రంకులో ఉండటమే దాని నేరం. ఎడ్విన్ ఆ తెల్లవారుజామున తమ్ముడి పాపంతోపాటు తండ్రినీ కాల్చుకున్నాడు. అంతకు ఆరేళ్ల ముందే, 1867లో, వింటర్ గార్డెన్ థియేటర్ కాలిపోయినప్పుడు ఎడ్విన్ తన సొంత సామాను ఎంతో పోగొట్టుకున్నాడు. మంట ఏం తీసుకెళ్తుందో తెలియని మనిషి కాదు. తెలిసే చేశాడు. ఆ బాధ్యత ఒక్క రాత్రిలో, ఒంటరిగా, పక్కన ఒక పనివాడు తప్ప ఎవరూ లేకుండా తీర్చుకోవాలనుకున్నాడు. తల్లి అప్పటికి బతికే ఉంది. 1885 దాకా ఉంది. ఆమెను అడిగినట్టు ఎక్కడా లేదు.

ఎడ్విన్‌ను నిందించే హక్కు నాకు లేదు. ఆ హత్య తర్వాత, ప్రేక్షకుల్లో ఎవరి చేతిలో తుపాకి ఉందో తెలియకుండానే ఏళ్ల తరబడి స్టేజీ ఎక్కిన మనిషి. 1879లో షికాగోలో నిజంగానే ఒకడు అతని మీద కాల్పులు జరిపాడు. వాడి కారణం వేరు, అయినా టెన్షన్ టెన్షనే.

తాళం ఉన్న పుస్తకం

ఏషియా వేరే దారి పట్టింది. 1868లో కుటుంబంతో ఇంగ్లండ్ వెళ్లిపోయింది. భర్తకు బావమరిది పేరు వినడమే గిట్టేది కాదు. ఆ ఇంట్లో కూర్చుని 1874లో, ఎవరికీ తెలియకుండా, తాళం పడే చిన్న నల్ల పుస్తకంలో సన్నటి అక్షరాలతో తమ్ముడి గురించి రాసుకుంది. ఎడ్విన్ కొలిమి దగ్గర నిలబడ్డ మరుసటి ఏడాది.

అందులో హంతకుణ్ణి సమర్థించే వాదనలు లేవని చెప్పను, ఉన్నాయి. దక్షిణాది మీద తమ్ముడి పిచ్చి అభిమానాన్ని ఆమె అక్క కళ్లతోనే చూసింది. కానీ ఇంకెక్కడా దొరకనివి కూడా ఉన్నాయి. బడిలో ఉన్నప్పుడు ఒక జిప్సీ అతని చెయ్యి చూసి చెడు జాతకం చెప్పింది. ఆ మాటల్ని అతను పెన్సిల్‌తో ఒక కాగితం ముక్క మీద రాసుకుని దగ్గర పెట్టుకున్నాడు. పదే పదే తీసి చదివి ఆ కాగితం మడతల దగ్గర అరిగిపోయిందట. నా పనిలో ఇలాంటి అరిగిన మడతల్ని రోజూ చూస్తాను. మడత ఎంత అరిగితే ఆ కాగితం అన్నిసార్లు తెరుచుకున్నట్టు. ఆ ముక్క ఇప్పుడు లేదు. అది ఉండేదని మనకు తెలిసింది ఈ నల్ల పుస్తకం వల్లే.

ఆమె చేసిన అసలైన మంచి పని పుస్తకం రాయడం కాదు, పుస్తకాన్ని ఎవరికి ఇవ్వాలో తేల్చుకోవడం. భర్త చేతిలో పెట్టలేదు. పిల్లల మీద బరువు పెట్టలేదు. 1888లో ఆమె పోయాక, ఆమె కోరిక ప్రకారం అది బెంజమిన్ ఫార్జన్ అనే రచయితకు చేరింది. కుటుంబ స్నేహితుడు, నాటకాల లోకం తెలిసినవాడు, బూత్‌లకు రక్తసంబంధం లేనివాడు. ఎప్పుడు బయటపెట్టాలో ఆయన ఇష్టానికి వదిలింది. ఆయన కుటుంబం దాన్ని భద్రంగా ఉంచింది. ఆయన కూతురు ఎలినార్ ఫార్జన్ ముందుమాటతో 1938లో అచ్చయింది. ఏషియా పోయి యాభై ఏళ్లు. అప్పటికి ఆ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఎవరూ బతికి లేరు, ఎవరి సంబంధమూ చెడిపోలేదు, ఎవరి ఉద్యోగమూ ఊడలేదు.

నేను ఈ కేసు నుంచి నేర్చుకున్నది ఇదే. ఎడ్విన్‌కు రెండు దారులే కనిపించాయి: ఇంట్లో ఉంచుకుంటే ఎవరో ఒకరు చూస్తారు, చూడకూడదంటే కాల్చాలి. ఏషియా ఆ రెంటినీ విడదీసింది. ఉంచడం ఒక నిర్ణయం, చూపించడం ఇంకో నిర్ణయం. మొదటిది ఇవాళ తీసుకుంటే చాలు. రెండోది యాభై ఏళ్ల తర్వాత ఇంకొకరు తీసుకోవచ్చు.

పరాయి ఇళ్లలో మిగిలినవి

కాల్చేవాళ్లు మరిచిపోయేది ఒకటుంది. ఇంట్లో ఉండేవి మనకు వచ్చిన ఉత్తరాలు. మనం రాసినవి వేరేవాళ్ల ఇళ్లలో ఉంటాయి.

ఏషియా తన చిన్ననాటి స్నేహితురాలు జీన్ ఆండర్సన్‌కు రాసిన ఉత్తరాలు బాల్టిమోర్‌లో మిగిలాయి. హత్య జరిగిన నెలకు ఆ ఇంట్లో ఎలా ఉందో వాటిలో ఉంది. ఎడ్విన్ 1881లో నహుమ్ కేపెన్ అనే ఆయనకు రాసిన ఉత్తరంలో తమ్ముణ్ణి తలతిక్క మనిషి, నవలలోని పగటికలల వీరుడు డాన్ కిహోటే తరహా ఊహల్లో బతికేవాడు అని వర్ణించాడు. దక్షిణాది సైన్యంలో ఎందుకు చేరలేదని అడిగితే, గొడవలో తలదూర్చనని అమ్మకు మాటిచ్చాను, అలా ఇచ్చినందుకు బాధపడుతున్నానని జాన్ జవాబిచ్చాడట. ట్రంకు కాల్చిన మనిషి, అడిగితే ఎనిమిదేళ్ల తర్వాత ఇలా రాశాడు.

ఇంకా వెనక్కి వెళితే, 1835 జులై 4న తండ్రి జూనియస్ ఫిలడెల్ఫియాలోని ఒక హోటల్ నుంచి అప్పటి అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్‌కు ఉత్తరం రాశాడు. ఇద్దరు సముద్రపు దొంగలకు క్షమాభిక్ష పెట్టకపోతే నిద్రలో గొంతు కోస్తానని బెదిరింపు. అది ఎవరో ఆయన పేరు పెట్టి రాసిన దొంగ ఉత్తరమని చాలాకాలం అనుకున్నారు. 2009లో టెన్నెసీ యూనివర్సిటీలో జాక్సన్ పత్రాల మీద పనిచేసేవాళ్లు చేతిరాత పోల్చి, ఆ రోజుల్లో ఆయన ఎక్కడున్నాడో చూసి, ఆయనదేనని తేల్చారు. నూట డెబ్బై నాలుగేళ్లు. కుటుంబం ఎంత కాల్చినా ఆ ఉత్తరం వాళ్ల చేతికి అందేది కాదు, ఎందుకంటే అది జాక్సన్ కాగితాల్లో ఉంది.

చివరికి ఎడ్విన్ కూడా అన్నీ కాల్చలేదు. 1888లో న్యూయార్క్ గ్రామర్సీ పార్క్‌లో ఇంటి నంబరు 16ను నటుల క్లబ్బుగా మార్చి, పైన ఒక గది తన కోసం ఉంచుకున్నాడు. 1893 జూన్ 7న ఆ గదిలోనే పోయాడు. గదిని అలాగే ఉంచారు. మంచం పక్కన తమ్ముడి ఫోటో ఉంది.

డబ్బా సంగతి

మళ్లీ మా పెద్దాయన దగ్గరికి వస్తాను. ఆయన మొదటి రోజు డబ్బా వదిలి వెళ్లలేదు. పది రోజుల తర్వాత వచ్చారు. ఈసారి భార్యను కూడా తీసుకొచ్చారు. అది మంచి సంకేతం. ఒంటరిగా తేల్చేవి కాదు ఇవి.

ముందుగా చేసింది ఏరడం. డబ్బాలో అన్నగారి ఉత్తరాలతోపాటు నాన్నగారి రెండు పోస్టుకార్డులు, ఒక రేషన్ కార్డు, ఆడపడుచు పంపిన పెళ్లి ఫోటో కలిసిపోయి ఉన్నాయి. వాటిని వేరు చేసి ఇంటికి ఇచ్చేశాను. ఎడ్విన్ తండ్రి వస్త్రం నా మనసులో ఉంది కాబట్టి ఈ పని ఎప్పుడూ ముందు చేస్తాను.

తర్వాత ఉత్తరాలు. గుండుసూదులు తుప్పు పట్టి కాగితానికి అంటుకుపోయాయి. మెత్తటి బ్రష్‌తో ఒక్కొక్కటీ విడదీయాల్సి వచ్చింది. అంచులు సిల్వర్‌ఫిష్ పురుగు తినేసింది. తేదీల ప్రకారం పేర్చుతుంటే ఒక సంగతి కనిపించింది. కొన్ని ఉత్తరాల్లో కొన్ని వాక్యాల పక్కన మార్జిన్‌లో పెన్సిల్‌తో చిన్న చుక్క. లెక్కపెడితే పదిహేడు చోట్ల. జైలు సెన్సార్ గుర్తులేమో అనుకున్నాను. ఆయన్ని అడిగాను.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు. "అమ్మకు చదివేటప్పుడు అవి వదిలేసేవాణ్ణమ్మా. మళ్లీ మళ్లీ చదవమనేది. రెండోసారి తప్పు చదివితే పట్టుకుంటుందని గుర్తు పెట్టుకున్నాను." అన్నగారికి ఒంట్లో బాగాలేదని రాసినవి, కొట్టారని రాసినవి, చేసినదానికి పశ్చాత్తాపం లేదని ఒకచోట రాసినది. అవన్నీ తల్లికి చేరలేదు.

ఆ ఉత్తరాలు రాసినది ఒకరు, కానీ ఆ చుక్కల వల్ల వాటిలో ఇంకో మనిషి కూడా ఉన్నాడు. పద్నాలుగేళ్ల కుర్రాడు, దీపం దగ్గర కూర్చుని తల్లికి ఏది చెప్పాలో, ఏది చెప్పకూడదో అప్పటికప్పుడు తేల్చుకుంటున్నవాడు. కాల్చేస్తే అన్నగారి నేరంతోపాటు ఆ కుర్రాడు కూడా పోయేవాడు. ఇది నేను ఆయనతో అన్నాను. ఆయన భార్య చీర కొంగుతో కళ్లు తుడుచుకుంది. నలభై ఏళ్ల కాపురంలో ఈ చుక్కల సంగతి ఆవిడకు తెలియదు.

ఒప్పందం ఇలా రాసుకున్నాం. ఉత్తరాలన్నీ ఆమ్లం లేని కవర్లలో, పెట్టెలో, సీలు వేసి. ముప్పై ఏళ్లదాకా ఎవరూ తెరవకూడదు, కుటుంబం వాళ్లు కూడా. పరిశోధకులెవరైనా వస్తే, ఉన్నాయని చెప్పడం కూడా కుదరదు. ముప్పై ఏళ్ల తర్వాత బయటపెట్టాలా వద్దా అన్నది అప్పటికి బతికి ఉన్న మనవలు తేల్చుకోవాలి. నేరం వల్ల నష్టపోయిన కుటుంబం ఒకటుంది కదా, వాళ్ల పేర్లు వచ్చే ఉత్తరాలు ఐదు ఉన్నాయి. వాళ్ల తరఫు వారసుల్ని అడగకుండా అవి ఎప్పటికీ తెరవకూడదని వేరే షరతు రాశాను. బూత్ కేసులో ఈ పని ఎవరూ చేయలేదు, చేసే కాలమూ కాదు. ఆయన ఆ షరతు చదివి, "ఇది ముందు రాయాల్సింది" అన్నారు. నిజమే. ఇప్పుడు నా ఫారంలో అది మొదటి పేజీకి వచ్చింది.

పెట్టె సీలు వేసే రోజు ఆయన ఒక ఉత్తరం వెనక్కి అడిగారు. తొమ్మిదో నంబరు. చదివాను. అందులో నేరం లేదు, జైలు లేదు. పెరట్లో జామచెట్టు కాసిందా, తమ్ముడు లెక్కల్లో ఎన్ని మార్కులు తెచ్చుకున్నాడు, అంతే. ఆ ఉత్తరంలో ఒక్క చుక్క కూడా లేదు, మొత్తం చదివి వినిపించినది.

జాబితాలో తొమ్మిదో నంబరు ఎదురుగా 'కుటుంబం దగ్గర ఉంది' అని రాసి, ఆయన చేత సంతకం పెట్టించుకున్నాను.